చిప్పు పేరు చివరి ప్రశ్న: కంప్యూటర్ పాటను హై-ఫైకి చేర్చే సౌండ్ కార్డు

కంప్యూటర్‌లో దాచుకున్న పాటలను హాల్లో ఉన్న మంచి యాంప్లిఫయర్, స్పీకర్ల మీద వినాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ సౌండ్ కార్డు కొనాలి? దొరికే జవాబులూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక చిప్పు పేరు, పక్కన 120 అనో 124 అనో డెసిబెల్స్ అంకె, ఆపైన 192 కిలోహెర్ట్జ్, 32 బిట్లు. అంకె పెరిగే కొద్దీ ధర పెరుగుతుంది. తీరా తెచ్చి బిగించాక, పాట ఆగినప్పుడల్లా స్పీకర్లలోంచి సన్నగా హమ్ వినిపిస్తే కొన్నవారు తెల్లమొహం వేస్తారు. పెట్టె మీద అచ్చువేసిన అంకెల్లో ఒక్కటీ ఆ శబ్దం గురించి చెప్పదు మరి.

సౌండ్ కార్డు చేయవలసిన పని నిజానికి చిన్నదే. ఫైల్‌లో అంకెలుగా ఉన్న పాటను విద్యుత్ తరంగంగా మార్చాలి. దాన్ని యాంప్లిఫయర్ లైన్-ఇన్‌కు ఒకటి రెండు వోల్టుల స్థాయిలో, దారిలో మరే రొదా కలవకుండా అప్పగించాలి. ఇందులో మార్చడం అనే సగం చాలా కాలం క్రితమే తేలికైపోయింది. శుభ్రంగా అప్పగించడం అనే సగం ఇప్పటికీ చిక్కుగానే ఉంది. కాబట్టి ఎంపికలో ముందు చూడవలసింది కంప్యూటర్‌ను యాంప్లిఫయర్‌కు కలిపే దారి. ఆ తరువాత వోల్టేజి, ఆపైన సాఫ్ట్‌వేర్. చిప్పు పేరు వీటన్నిటి తరువాత వచ్చే ప్రశ్న.

పాత చెడ్డపేరు ఎక్కడిది?

కంప్యూటర్ శబ్దమంటే హై-ఫై అభిమానులకు ఉన్న చిన్నచూపు ఊరికే పుట్టలేదు. 1982లో సీడీ అమ్మకానికి వచ్చినప్పుడు సంగీతానికి సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు అనే లెక్క స్థిరపడింది. కంప్యూటర్ పరిశ్రమ మాత్రం వీడియో రంగం వాడే 48,000 లెక్కను పట్టుకుంది. ఇంటెల్ 1990ల చివర్లో మదర్‌బోర్డుల్లోనే ఉండే శబ్ద భాగం కోసం తెచ్చిన ఏసీ’97 ప్రమాణానికి 48 కిలోహెర్ట్జే పునాది. 1998లో క్రియేటివ్ సంస్థ తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్ ఆటలు ఆడేవారికి అప్పట్లో ఆశల వస్తువు. దాని లోపలి ఈఎంయూ10కే1 చిప్పు కూడా ఏ పాట ఇచ్చినా ముందు 48 కిలోహెర్ట్జ్‌కు మార్చుకునేది.

44,100కు 48,000కు మధ్య నిష్పత్తి 147:160. ఒక రేటులోని తరంగాన్ని మరో రేటులోకి తీసుకురావాలంటే మధ్య మధ్య బిందువుల విలువలను లెక్కగట్టాలి. ఓపికగా గడితే తేడా చెవికి తెలియదు. ఆనాటి చిప్పులకు, ఆనాటి విండోస్‌కు అంత ఓపిక లేదు. హడావుడి లెక్కలో అసలు పాటలో లేని సన్నని స్వరాలు పుట్టుకొచ్చేవి. పైస్థాయి తాళాల శబ్దం, వయొలిన్ గరుకుగా వినిపించేవి. అందుకే సంగీతం వినేవారు స్టూడియో పనికి తయారైన ఎం-ఆడియో ఆడియోఫైల్ 2496 లాంటి కార్డుల వైపు వెళ్ళారు. అవి 44.1 కిలోహెర్ట్జ్ పాటను అదే రేటులో పంపేవి. స్టైన్‌బర్గ్ సంస్థ రూపొందించిన ఆసియో అనే డ్రైవర్ మార్గంలో వెళితే విండోస్ మిక్సర్ జోక్యమూ తప్పేది.

2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ప్రమాణం ఏసీ’97 స్థానంలోకి వచ్చింది. 44.1 సహా రకరకాల రేట్లు నేరుగా నడిచే వీలు మామూలు మదర్‌బోర్డుకూ వచ్చింది. విస్టా నుంచి విండోస్ శబ్ద వ్యవస్థను తిరగరాశారు. 2009లో ఆసుస్ తెచ్చిన గ్జోనార్ ఎసెన్స్ ఎస్‌టీఎక్స్ కార్డు మీద 124 డెసిబెల్స్ అని రాసి ఉండేది. సమస్య తీరి ఇన్నేళ్ళయినా నాటి సలహాలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. మదర్‌బోర్డు శబ్దం పనికిరాదు అనే మాట 2000లో నిజం. ఈనాడు అది పరీక్షించి చూసుకోవలసిన మాట మాత్రమే.

అంకెలను హాల్లోకి తెచ్చి చూస్తే

16 బిట్లలో ఇమిడే అతి పెద్ద శబ్దానికి, అతి చిన్న రొదకు మధ్య సిద్ధాంతపరంగా ఉండే దూరం దాదాపు 98 డెసిబెల్స్. మదర్‌బోర్డుల మీద వచ్చే రియల్‌టెక్ ఏఎల్‌సీ1220 చిప్పుకు కాగితం మీద ఈ దూరం 120 అని రాస్తారు. బోర్డు మీదికెక్కి ప్రాసెసర్ పక్కన కాపురం పెట్టాక ఆ అంకె నిలవదు. జాక్ దగ్గర దొరికేది అంతకంటే తక్కువే. కొంచెం పిసినారిగా 95 అనుకుని లెక్క వేద్దాం.

గరిష్ఠ స్థాయి 1 వోల్టు అయితే, 95 డెసిబెల్స్ కింద ఉండే రొద సుమారు 18 మైక్రోవోల్టులు. మామూలు ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్‌ను చివరికంటా తిప్పితే లైన్-ఇన్‌కు వచ్చినదాన్ని వంద రెట్లు చేస్తుందనుకుందాం. అప్పుడు స్పీకర్‌కు చేరే రొద 1.8 మిల్లీవోల్టులు. 2.83 వోల్టులకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ ఆ 1.8 మిల్లీవోల్టులకు ఇచ్చే శబ్దం 24 డెసిబెల్స్. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న గదిలో అది ఎవరికీ వినిపించదు. పైగా 1 వోల్టు వస్తుండగా నాబ్‌ను ఎవరూ చివరికంటా తిప్పరు. తిప్పితే యాంప్లిఫయర్ తట్టుకోలేదు. మామూలుగా పెట్టుకునే చోట ఆ రొద 10 డెసిబెల్స్ దగ్గరికి దిగిపోతుంది.

95 ఉన్న కార్డును తీసేసి 120 ఉన్న దాన్ని పెడితే ఈ వినిపించని రొద మరింత వినిపించకుండా పోతుంది. అంతే. వక్రీకరణ సంగతీ అలాంటిదే. నేటి మామూలు డాక్ (అంకెల పాటను విద్యుత్ తరంగంగా మార్చే భాగం) వక్రీకరణ ఒక శాతంలో వెయ్యోవంతు స్థాయిలో ఉంటే, మంచి స్పీకర్ గట్టిగా మోగినప్పుడు బేస్ ప్రాంతంలో ఒక శాతం దాటడం వింతేమీ కాదు. గది గోడలు కింది స్వరాలను పది డెసిబెల్స్ అటూ ఇటూ ఊపేస్తాయి. ఇన్ని పెద్ద తేడాల మధ్య డాక్ చిప్పు తయారుచేసిన సంస్థ ఏదని వాదించుకోవడం కాలక్షేపానికి బాగుంటుంది.

అసలు రొద తీగల్లోంచి వస్తుంది

ఇదే లెక్కను ఎర్త్ వైపు తిప్పితే కథ మారిపోతుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్ పవర్ సప్లైలో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఇనుప పెట్టెకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. రేడియో తరంగాల అలజడిని అణచడానికి అవి అవసరం. వాటి గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. త్రీ-పిన్ ప్లగ్‌లో ఎర్త్ సరిగా ఉంటే అది భూమిలోకి పోతుంది. ఎర్త్ లేని సాకెట్‌లో పెడితే కంప్యూటర్ పెట్టె 230 వోల్టుల్లో సగం దగ్గర తేలుతుంది. ముట్టుకుంటే చేయి జిల్లుమనేది అందుకే. లోహపు ఒళ్ళున్న ల్యాప్‌టాప్‌ను టూ-పిన్ చార్జర్‌తో వాడేవారికీ ఈ అనుభవం కొత్త కాదు.

అలాంటి కంప్యూటర్‌ను ఆర్‌సీఏ కేబుల్‌తో (ఎరుపు, తెలుపు పిన్నులుండే తీగతో) యాంప్లిఫయర్‌కు కలిపితే, భూమిలోకి దారి లేక తేలుతున్న ఆ కరెంటు కేబుల్ పైపొర మీదుగా యాంప్లిఫయర్‌లోకి నడుస్తుంది. పైపొర పాటకు కూడా రెండో తీగ. ఒక మిల్లీయాంపియర్ కరెంటు, కేబుల్ పైపొర నిరోధం ఓం‌లో పదోవంతు అనుకుంటే అక్కడ పుట్టే వోల్టేజి 100 మైక్రోవోల్టులు. ఇందాక లెక్కగట్టిన కార్డు రొద 18. అంటే చవక కార్డు సొంత రొదకంటే అయిదారు రెట్లు పెద్ద శబ్దం, కార్డుతో సంబంధం లేకుండా, 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపుల దగ్గర పాటలో కలిసిపోయింది. ఆర్‌సీఏ పిన్ను వదులుగా ఉండి అక్కడి నిరోధం ఒక ఓం అయితే అదే కరెంటు ఒక మిల్లీవోల్టు పుట్టిస్తుంది. పాట గరిష్ఠ స్థాయికి అది 60 డెసిబెల్స్ మాత్రమే కింద. 124 డెసిబెల్స్ కార్డు కొన్నా, దాన్నుంచి పాట 60 డెసిబెల్స్ శుభ్రతతోనే స్పీకర్‌కు చేరుతుంది. పిన్ను బిగించుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

రెండూ సక్రమంగా ఎర్త్ అయిన పరికరాలైనా చిక్కు ఉంటుంది. కంప్యూటర్ ఒక గది సాకెట్‌లో, యాంప్లిఫయర్ మరో గది సాకెట్‌లో ఉంటే ఆ రెండు ఎర్త్‌ల మధ్య స్వల్పమైన తేడా ఆర్‌సీఏ తీగ ద్వారా సర్దుకోవాలని చూస్తుంది. యాంప్లిఫయర్‌కు సెట్‌టాప్ బాక్సు, దానికి వీధిలోంచి వచ్చే కేబుల్ తీగ తగిలించి ఉంటే మూడో ఎర్త్ కూడా చేరినట్టే.

గుర్రుమనే హమ్‌కు తోడు మరో జాతి రొద ఉంది. మౌస్ కదిపినప్పుడు, పేజీని కిందికి జరిపినప్పుడు కీచుమనే శబ్దం వస్తుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటు క్షణక్షణం మారుతూ అదే గ్రౌండ్‌ను (ఎర్త్‌కు కలిసే తీగను) కుదిపేయడం దానికి కారణం. యూఎస్‌బీ ద్వారా వచ్చేదైతే ఇంకా స్పష్టంగా గుర్తుపట్టవచ్చు. పాత యూఎస్‌బీ పద్ధతిలో సమాచారం మిల్లీసెకనుకు ఒక విడతగా కదులుతుంది కాబట్టి 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఈల వినిపిస్తుంది. హై-స్పీడ్ పద్ధతిలో విడత 125 మైక్రోసెకన్లు, ఈల 8 కిలోహెర్ట్జ్ దగ్గర.

కాబట్టి కొత్తదేదీ కొనకముందే ఒక పరీక్ష చేయాలి. కంప్యూటర్ వెనకవైపున్న ఆకుపచ్చ జాక్ నుంచి యాంప్లిఫయర్‌కు మామూలు కేబుల్ తగిలించాలి. ముందు ప్యానెల్ జాక్ వద్దు, దాని తీగ పెట్టె లోపల గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి ప్రయాణం చేసి వస్తుంది. తగిలించే ముందు రెండు పరికరాలూ ఆపి ఉండాలి. నాబ్‌ను రోజూ వినే చోట పెట్టి, పాట నడపకుండా చెవి పెట్టాలి. మౌస్ కదపాలి, ఒక వీడియోను శబ్దం తీసేసి నడపాలి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి చూడాలి. చార్జర్ పీకగానే హమ్ మాయమైతే దోషం సౌండ్ కార్డుది కాదు, ఎర్త్ లూప్‌ది, అంటే తీగల మీదుగా తిరిగే ఆ ఎర్త్ కరెంటుది. ఏమీ వినిపించకపోతే ఒక కర్ణాటక కచేరీ రికార్డింగ్ పెట్టి, తంబురా శ్రుతి ఒక్కటే మోగే ఆ మొదటి క్షణాలు వినాలి. శ్రుతికి కింద 50 హెర్ట్జ్ గుర్రు ఉంటే అక్కడ దాక్కోలేదు. అక్కడా శుభ్రంగా ఉంటే కొనవలసింది ఏమీ లేకపోవచ్చు. ఈ ఫలితం కొందరికి నిరాశ కలిగిస్తుందన్నది వేరే సంగతి.

లూప్ ఉందని తేలితే మొదటి మందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించడం. రెండో మందు ఆప్టికల్ కేబుల్. తోషిబా 1983లో తెచ్చిన టాస్‌లింక్ పద్ధతిలో పాట కాంతిగా ప్రయాణిస్తుంది. కాంతికి ఎర్త్ లేదు, లూప్‌కు దారే లేదు. మూడోది ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్. హమ్‌ను అది తెంపుతుంది కానీ చవకబారు ఐసొలేటర్లలో ట్రాన్స్‌ఫార్మర్ మరీ చిన్నది కాబట్టి మృదంగం తొప్పి వైపు గుమ్మనే శబ్దాన్ని కూడా కొంత మింగేస్తుంది. నాలుగో మందు ఒకటి ఊళ్ళో ప్రచారంలో ఉంది: ప్లగ్ ఎర్త్ పిన్నును విరిచేయడం. హమ్ పోతుంది, నిజమే. లోపల ఫేజ్ తీగ ఊడి పెట్టెకు తగిలిన రోజున పెట్టెను ముట్టుకున్న మనిషీ పోతాడు. సాకెట్‌లో ఎర్త్ అసలు లేకపోతే సౌండ్ కార్డు డబ్బును ముందు ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వడం మేలు.

ఏ రూపంలో తీసుకోవాలి?

పరీక్షలో మదర్‌బోర్డు జాక్ నెగ్గలేదనుకుందాం. అప్పుడు అందరికంటే ముందు పరిశీలించదగ్గది యూఎస్‌బీ డాక్, అంటే కంప్యూటర్ బయట కూర్చునే చిన్న పెట్టె. ఒకవైపు యూఎస్‌బీ, మరోవైపు రెండు ఆర్‌సీఏ సాకెట్లు, 2 వోల్టుల అవుట్‌పుట్. టాపింగ్, ఎస్ఎంఎస్ఎల్, ఫియో, షీట్ వంటి సంస్థలు వీటిని చేస్తున్నాయి. ఇందులో చూడవలసిన మొదటి గుణం, ప్రత్యేకమైన డ్రైవర్ లేకుండా నడుస్తుందా అన్నది. యూఎస్‌బీ ఆడియో రెండో తరం ప్రమాణం 2006లో వచ్చింది. దాన్ని విండోస్ తనంతట తాను గుర్తించడం 2017 నాటి విండోస్ 10 నవీకరణతో గానీ మొదలుకాలేదు. మ్యాక్, లినక్స్ అంతకుముందే గుర్తించేవి. ఈ ప్రమాణాన్ని పాటించే పెట్టెకు, తయారీదారు డ్రైవర్ రాయడం మానేసినా ఆయుష్షు తగ్గదు. మంచి కార్డులు ఎన్నో చెవికి బాగుండగానే, కొత్త విండోస్‌కు డ్రైవర్ లేక అటకెక్కాయి.

రెండో గుణం అసింక్రనస్ పద్ధతి. కంప్యూటర్ గడియారాన్ని అనుసరించకుండా డాక్ తన సొంత గడియారంతో నమూనాలను అడిగి తెప్పించుకుంటుంది. ఇప్పటి డాక్‌లలో ఇది మామూలైపోయింది కాబట్టి జిట్టర్ (నమూనాల సమయం అటూ ఇటూ కదలడం) గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

యూఎస్‌బీ డాక్ ఎర్త్ లూప్‌ను దానంతట అది తెంపదు. ఈ సంగతి చాలామంది కొన్నాక తెలుసుకుంటారు. యూఎస్‌బీ తీగలోనూ గ్రౌండ్ ఉంది, ఆర్‌సీఏ తీగలోనూ ఉంది, దారి యథాతథం. పరీక్షలో లూప్ దోషం తేలినవారు యూఎస్‌బీతో పాటు ఆప్టికల్ ఇన్‌పుట్ కూడా ఉన్న డాక్‌ను తీసుకుని, కంప్యూటర్ నుంచి ఆప్టికల్ ద్వారా దానికి పంపడం క్షేమం. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు వెనక చిన్న తలుపున్న చదరపు సాకెట్ ఉంటే అది ఆప్టికల్ అవుట్‌పుటే. లేకపోతే బెహ్రింగర్ యూసీఏ202 లాంటి చిన్న యూఎస్‌బీ పెట్టెకు ఆ సాకెట్ ఉంది. దాని సామర్థ్యం 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వరకే అయినా సీడీ స్థాయి పాటకు లోటేమీ లేదు. హోమ్ థియేటర్ రిసీవర్ ఉన్న ఇంట్లో ఆప్టికల్ ఇన్‌పుట్, లోపల డాక్ ముందే ఉంటాయి. అక్కడ కొనవలసింది కేబుల్ ఒక్కటే. హెచ్‌డీఎంఐ ద్వారా కూడా అదే రిసీవర్‌కు పాట పంపవచ్చు, కాకపోతే అందులోనూ గ్రౌండ్ తీగ ఉందని మరవకూడదు.

ల్యాప్‌టాప్ వాడేవారికి అతి చవకైన మార్గం ఫోన్‌ల కోసం అమ్మే యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్. ఆపిల్ అమ్మే అడాప్టర్ వేలెడంత తీగలా కనిపించినా దాని మొనలో పూర్తి డాక్ ఉంది. యూరప్ రకాన్ని మినహాయిస్తే గరిష్ఠంగా దాదాపు 1 వోల్టు ఇస్తుంది. కొలతల్లో దానికి పదింతల ధర పెట్టెల సరసన నిలబడింది కూడా. దాన్ని హై-ఫైకి కలపడం పరువు తక్కువ అనుకునేవారు ఉన్నారు, చెవికి ఆ పట్టింపు లేదు.

కంప్యూటర్ లోపల బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు ఈ పనికి ఇప్పుడు అంతగా అక్కరకు రావు. అలజడి పుట్టే పెట్టెలోనే కాపురం, ల్యాప్‌టాప్‌కు పనికిరావు, డ్రైవర్ మీద ఆధారపడతాయి. ఉన్నవారు నిశ్చింతగా వాడుకోవచ్చు. పాత ఎం-ఆడియో లాంటి పీసీఐ కార్డులను సెకండ్‌హ్యాండ్‌లో చూసి మురిసిపోయే ముందు, కొత్త మదర్‌బోర్డుల్లో ఆ స్లాటే ఉండదని గుర్తుంచుకోవాలి.

పాడేవారికి, ఆన్‌లైన్‌లో సంగీత పాఠాలు చెప్పేవారికి లెక్క వేరు. మైకు కూడా కావాలి కాబట్టి ఫోకస్‌రైట్ స్కార్లెట్ వంటి ఆడియో ఇంటర్‌ఫేస్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. యాక్టివ్ స్పీకర్లకు (లోపలే యాంప్లిఫయర్ ఉన్నవాటికి) దాని బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్, అంటే పాటకు గ్రౌండ్ కాక వేరే రెండు తీగలు వాడే పద్ధతి, హమ్‌ను చాలావరకు రద్దు చేస్తుంది. మామూలు యాంప్లిఫయర్ ఆర్‌సీఏకు కలిపేటప్పుడు మాత్రం రెండు జాగ్రత్తలు అవసరం. ఏ రకం కేబుల్ వాడాలో మాన్యువల్ చూసుకోవాలి. స్టూడియో పరికరాల అవుట్‌పుట్ నాబ్ చివరికంటా తిప్పితే 4 వోల్టులు దాటవచ్చు, పాత యాంప్లిఫయర్ ఇన్‌పుట్ అంత భరించలేదు.

దూరం కూడా ఎంపికలో భాగమే. హై-స్పీడ్ యూఎస్‌బీ కేబుల్ 5 మీటర్లు మించకూడదు. టాస్‌లింక్ హాలు పొడవునా నడుస్తుంది, మలుపుల దగ్గర మడత పడకూడదు. కంప్యూటర్ మరో గదిలో ఉంటే తీగలు లాగడం కంటే యాంప్లిఫయర్ పక్కన ఒక రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌ను పెట్టి, ఇంటి వైఫై మీద పాటలు తెప్పించుకోవడం తెలివైన పని. కొన్ని మోడళ్ళకు ఉండే సొంత హెడ్‌ఫోన్ జాక్ బాగుండదు, డాక్ తప్పదు.

వోల్టులు, తప్పుడు తీర్పులు

సీడీ ప్లేయర్ల ఆనవాయితీ 2 వోల్టులు కాబట్టి 1 వోల్టు ఇచ్చే జాక్ చాలదేమో అనే సందేహం వస్తుంది. చాలా ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్లు 150 నుంచి 250 మిల్లీవోల్టులకే పూర్తి శక్తి అందుకుంటాయి. కాబట్టి అర వోల్టు కూడా సరిపోతుంది, నాబ్ ఇంకాస్త తిప్పాలి, అంతే. ప్రీయాంప్ (వాల్యూమ్ నాబ్ ఉండే భాగం) లేకుండా నేరుగా పవర్ యాంప్లిఫయర్‌కో, యాక్టివ్ స్పీకర్లకో కలిపేవారికి మాత్రం 2 వోల్టులు నిజంగా కావాలి. ఫోనో అని రాసిన సాకెట్‌లో కంప్యూటర్‌ను ఎన్నడూ పెట్టకూడదు. అది గ్రామఫోన్ ముల్లు ఇచ్చే కొద్ది మిల్లీవోల్టుల కోసం ఉన్నది.

కార్డులను పోల్చి చూసేవారు బోల్తాపడేదీ వోల్టుల దగ్గరే. 2 వోల్టులకు, 1 వోల్టుకు తేడా 6 డెసిబెల్స్. నాబ్ కదపకుండా ఒకదాని తరువాత ఒకటి వింటే 2 వోల్టుల కార్డు నిండుగా, జీవంతో ఉన్నట్టు, రెండోది పలచగా ఉన్నట్టు తోస్తుంది. చెవికి గట్టి శబ్దం మంచి శబ్దంగా వినిపించడం సహజం. అర డెసిబెల్ తేడా అయితే గట్టిగా ఉందని కూడా తెలియదు, ‘వివరం ఎక్కువ’ అనిపిస్తుంది. నిజాయితీగా పోల్చాలంటే 200 హెర్ట్జ్ దగ్గరి స్థిరమైన స్వరాన్ని నడిపి, స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టులు కొలిచి రెండింటినీ సమానం చేయాలి. చవక మీటర్లు పైస్థాయి స్వరాలకు తప్పు చూపుతాయి కాబట్టి 1000 హెర్ట్జ్ వద్దు. ఒక శాతం లోపు సమానమైతే తేడా పదో వంతు డెసిబెల్‌కు దిగుతుంది. ఆపైన ఏ కార్డు మోగుతోందో వినేవారికి తెలియకుండా మరొకరు మార్చాలి. కార్డు సమీక్షల్లో కనిపించే విశేషణాల్లో చాలావరకు ఇక్కడికి వచ్చేసరికి మాయమవుతాయి.

సాఫ్ట్‌వేర్‌లో చూడవలసినవి

కార్డు ఏదైనా విండోస్ శబ్ద సెట్టింగుల్లో ‘ఎన్‌హాన్స్‌మెంట్స్’ పేరుతో ఉన్నవన్నీ ఆపేయాలి. బేస్ పెంచడం, శబ్దాన్ని చదును చేయడం ల్యాప్‌టాప్ బుల్లి స్పీకర్ల కోసం పెట్టినవి. తరువాత అదే చోట నమూనాల రేటు చూడాలి. మామూలు పద్ధతిలో విండోస్ అన్ని శబ్దాలనూ కలిపి అక్కడ పెట్టిన ఒక్క రేటుకు మారుస్తుంది. సేకరణలో ఎక్కువ భాగం సీడీల నుంచి తీసినదైతే 24 బిట్లు, 44,100 పెట్టుకోవడం సబబు. ఫూబార్2000 లాంటి ప్లేయర్‌లో ఎక్స్‌క్లూజివ్ పద్ధతి ఎంచుకుంటే పాట ఉన్న రేటులోనే డాక్‌కు పోతుంది. ఇప్పటి రేటు మార్పిడి లెక్కలు మెరుగయ్యాయి కాబట్టి శబ్దంలో తేడా కోసం కాకపోయినా, మరో ప్రయోజనం కోసం ఇది మంచిది. కల్యాణి రాగాలాపన మధ్యలో వాట్సాప్ గంట హై-ఫై మీద ఖణేల్మని మోగదు. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో రేటును మనమే మార్చాలి. లినక్స్‌లో పైప్‌వైర్ అనే శబ్ద వ్యవస్థ మొదటి నుంచీ 48,000 పెట్టుకుని ఉంటుంది, దాని సెట్టింగుల్లో 44,100ను కూడా అనుమతించవచ్చు.

కంప్యూటర్ వాల్యూమ్‌ను పూర్తిగా ఉంచి, తగ్గించే పని యాంప్లిఫయర్ నాబ్‌కు వదలడం పాత నియమం. డిజిటల్‌లో ప్రతి 6 డెసిబెల్స్ తగ్గింపుకూ ఒక బిట్టు పోతుందన్నది దాని వెనక లెక్క. 24 బిట్ల దారిలో నాలుగైదు బిట్లు పోయినా 16 బిట్ల పాటకు చేటు లేదు కాబట్టి ఈ విషయంలో ఇప్పుడు మరీ నిష్ఠ అక్కర్లేదు. నిష్ఠ అవసరమైన చోటు వేరే ఉంది. కంప్యూటర్ వెలిగేటప్పుడు, ఆరేటప్పుడు కొన్ని కార్డులు టప్పుమని కొడతాయి. యాంప్లిఫయర్‌ను అన్నిటికంటే చివర వేసి, అన్నిటికంటే ముందు ఆపితే ట్వీటర్లు (పైస్థాయి స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) బతుకుతాయి.

192 కిలోహెర్ట్జ్, 78 ఆర్‌పీఎం

సీడీని మించిన రేట్ల గురించి పరీక్షలు జరిగాయి. మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో హై-రెజల్యూషన్ డిస్కుల శబ్దాన్ని నేరుగాను, మధ్యలో 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కు కుదించిన దారిలోను వినిపించి చూశారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో లండన్ పరిశోధకుడు జాషువా రైస్ 18 పరీక్షలను కలిపి లెక్కగడితే సరైన జవాబులు 52.3 శాతానికి చేరాయి. శిక్షణ పొందిన శ్రోతల్లో ఇంకొంచెం ఎక్కువ. తేడా పూర్తిగా సున్నా అని తేల్చలేం, దాని కోసం కార్డు మార్చడంలో మాత్రం అర్థం లేదు. డాక్‌లు 192 ఎలాగూ ఇస్తాయి, దానికి అదనంగా డబ్బు పెట్టవలసిన పని లేదు.

తెలుగు శ్రోతల కంప్యూటర్లలో ఉన్న సేకరణను చూస్తే ఈ చర్చ ఇంకా దూరమైపోతుంది. ఘంటసాల తొలి దశాబ్దాల పాటలు 78 ఆర్‌పీఎం రికార్డుల మీద, సినిమా ఫిల్ము అంచున ఉండే ఆప్టికల్ ట్రాక్ మీద వచ్చినవి. ఆ రికార్డుల్లో పది కిలోహెర్ట్జ్ దాటి మిగిలేది చాలా తక్కువ, ఆప్టికల్ ట్రాక్‌లో ఇంకా ముందే వాలిపోతుంది. పైన వినిపించేది ముల్లు గీత. వాటిని ఎవరో ఎప్పుడో 128 కిలోబిట్ల ఎంపీ3 చేసి పెట్టారు. అలాంటి పాటలను పెద్ద రేటుకు సాగదీసి హై-రెజల్యూషన్ పేరుతో అమ్మినా కొత్త స్వరమేదీ అందులోకి రాదు. ఈ సేకరణకు డబ్బు ఖర్చుపెట్టదలచినవారు డాక్ కంటే ముందు మంచి ప్రతి కోసం వెతకడం, దొరికిన అసలు సీడీని కొని నష్టం లేని ఫ్లాక్ రూపంలోకి తీసుకోవడం తెలివైన పని.

మోనో రికార్డును స్టీరియో ముల్లుతో ఎక్కించిన ప్రతుల్లో మరో చిన్న ఉపాయం పనిచేస్తుంది. పాట రెండు చానళ్ళలోనూ ఒకటే, గీతల చిటపట మాత్రం రెండింటిలో వేరువేరు. రెండింటినీ కలిపి మోనోగా వింటే పాట నిలిచి, ఆ రొద 3 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. పాత యాంప్లిఫయర్లకు ఇందుకోసమే మోనో బటన్ ఉండేది. విండోస్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ‘మోనో ఆడియో’ పేరుతో అదే సౌకర్యం ఉంది, ఏ సౌండ్ కార్డుతోనైనా పనిచేస్తుంది.